నీళ్ళ సూది

ఆంబాయి పుట్టి పెరిగింది ఉప్పు పొగలో. తూకేం లోయలో, ఏటికి ఎగువన, కొండ మొదట్లో బురదలోంచి ఉప్పటి నీళ్ళు ఊరే చోటు ఒకటి ఉండేది. ఆ ఊట వాళ్ళ నాన్న వంశానిది. ఆయన ఆ నీళ్ళను అరటి దొప్పలు పరిచిన మట్టి గుంటల్లో పోసి, కింద మంట పెట్టి, పగలూ రాత్రీ ఇగరబెట్టేవాడు. అడుగున బూడిద రంగు ముద్ద మిగిలేది. దాన్ని మొగలాకుల్లో బిగించి చుట్టి, పొయ్యి మీద అటకలో ఆరబెడితే రాయిలా గట్టిపడేది. ఆ ఉప్పు మూటల కోసం న్యూగినీ నడికొండల్లో ఎక్కడెక్కడి మనుషులో నడిచి వచ్చేవాళ్ళు. రాతి గొడ్డళ్ళు, పిట్ట ఈకలు, పందిపిల్లలు ఇచ్చి పట్టుకుపోయేవాళ్ళు.

నాన్న దగ్గుతో పోయాక వాళ్ళమ్మ వాంపే ఆ గుంటల దగ్గర కూర్చుంది. ఆడది ఉప్పు వండడమేమిటని మగవాళ్ళు మొదట్లో మూతి విరిచారు. తర్వాత అదే ఉప్పు నాకి ఊరుకున్నారు. వాంపేకు నోరెక్కువ. బేరం కుదరకపోతే వచ్చినవాణ్ణి, వాణ్ణి కన్నదాన్ని, వాడి పందిని కూడా కలిపి తిట్టేది. తిట్టిన నోటితోనే, పోయేటప్పుడు దారిలో నాకమని చిన్న ముక్క చేతిలో పెట్టేది. ఆంబాయికి అమ్మంటే భయం, అమ్మ లేకపోతే ఇంకా భయం.

ఆంబాయి ఈడేరే నాటికి లోయలోకి తెల్లదొర వచ్చాడు. గస్తీ పోలీసులతో వచ్చి, కొట్లాటలు మానమన్నాడు, మనుషులందరినీ వరసలో నిలబెట్టి పేర్లు రాసుకున్నాడు. ఆ వెనకే విమానం దిగే మైదానం, దాని పక్కన రేకుల దుకాణం వచ్చాయి. దుకాణంలో ఇనుప గొడ్డలి, డబ్బా చేప, తెల్లటి ఉప్పు. ఇసుకలా రాలిపోయే ఆ ఉప్పును చూసి కుర్రకారు మతులు పోయాయి. దొర మైదానంలో గడ్డి కోస్తే ఒక సంచి ఇచ్చేవాడు. ఇక ఊటకు ఎవరు వస్తారు?

ఒకరోజు పాయింగ్ అనే కుర్రాడు తెల్ల ఉప్పు చేతిలో పోసుకుని వాంపే గుంటల ముందే నిలబడి చప్పరించాడు.

"చూడత్తా, ఎంత తెల్లగా ఉందో. నీది పంది బురదలా ఉంటుంది."

"తినరా, తిను," అంది వాంపే మంట ఎగదోస్తూ. "మీరంతా తినండి. రేపు మీ కడుపున పుట్టినవాళ్ళు మిమ్మల్ని ఏమంటారో చూస్తాను."

తాతల నాటి పని వదిలేస్తే పిల్లలు నవ్విపోతారని ఆమె ఉద్దేశం. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ రోజు నవ్వారు. ఆ మాట మాత్రం ఎవరూ మరచిపోలేదు.

ఆంబాయిని ఆ పాయింగ్ తమ్ముడు కైపెల్‌కే ఇచ్చారు. ఏటికి దిగువన వాళ్ళ పల్లె. కైపెల్ మెత్తని మనిషి, అన్న మాట దాటడు. పాయింగ్ పెళ్ళాం కోర్పా ఆంబాయి కంటే కొంచెం పెద్దది. ఇద్దరూ ఒకే తోటలో పక్కపక్కన చిలగడదుంప తీగలు నాటేవాళ్ళు, ఒకే వాగులో కాళ్ళు కడుక్కునేవాళ్ళు, మొగుళ్ళ మీద ఒకేలా విసుక్కునేవాళ్ళు. వల సంచి అల్లడం కోర్పా దగ్గరే బాగా వచ్చింది ఆంబాయికి.

ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ మెడలు ఉబ్బడం మొదలైంది. అంతకు ముందు కూడా ఒకరికో ఇద్దరికో ఉండేది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గొంతు కింద కాయ కాసింది. కోర్పాకు దుంపంత ఉండేది. పూసల దండ దాని మీద నిలిచేది కాదు, పక్కకు జారిపోయేది. ఆంబాయికీ వచ్చింది. మింగుడు పడనంత కాదు గానీ, తల వంచితే గడ్డానికి తగిలేది.

మెడకాయలకు ఎవరూ పెద్దగా భయపడలేదు. భయమంతా పిల్లల సంగతిలో. ఆంబాయి మొదటి కాన్పులో బిడ్డ కదలకుండా పుట్టాడు. రెండోవాడు పాలు పట్టకుండానే పోయాడు. కొన్ని ఇళ్ళలో పుట్టినవాళ్ళు బతికారు, బతికి చెవులు వినబడక, నోట మాట రాక, కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు. కళ్ళు రెండూ ముక్కు వైపు చూసేవి. అలాంటివాళ్ళు పూర్వం పల్లెకు ఒక్కరు కూడా లేరని ముసలివాళ్ళు అనేవారు.

*

డాక్టర్లు వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. మైదానం చివర గుడారం వేశారు. దొర రాసుకున్న పేర్ల పుస్తకం తెచ్చి, కుటుంబాల వారీగా పిలిచారు. మెడలు తగ్గే మందు, కడుపులో బిడ్డకు కూడా మేలు చేస్తుందేమో చూస్తున్నారు, అందరికీ సూది వేస్తారు, భయపడకండి అని కాంపౌండరు ఎలియాబ్ అరిచి చెప్పాడు. ఎలియాబ్ సముద్రపు ఒడ్డు మనిషి. లోయ భాష నేర్చుకున్నాడు గానీ, తిట్లు ముందు నేర్చుకుని మంచి మాటలు తర్వాత నేర్చుకున్నాడని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"అక్కా, నీ వంతు ముందు," అంది ఆంబాయి.

"నాకు కాళ్ళు వణుకుతున్నాయే. నువ్వెళ్ళు ముందు."

"పేర్లు పిలుస్తుంటే నేనెలా వెళ్తాను? వెళ్ళు, చచ్చిపోతే నీ పందుల్ని నేను చూసుకుంటాలే."

"ఆ పందుల మీద కన్నేసే నన్ను తోస్తున్నావన్నమాట," అంటూ కోర్పా గుడారంలోకి పోయింది. పిర్ర పట్టుకుని బయటికి వచ్చింది. "అమ్మో, పంది కుమ్మినట్టుందే. ఎంతకీ తియ్యడేం వాడు సూది!"

తర్వాత పిలుపు కైపెల్ కుటుంబానికి. ఆంబాయి లోపలికి పోయి, పళ్ళు బిగపట్టి నిలబడింది. పొడిచాడు, తీశాడు. ఇంతేనా అనుకుంది.

ఇంటికి పోయే దారంతా కోర్పా కుంటింది. నాలుగు రోజులు ఒక పక్కకే పడుకుంది.

"నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు," అని ఆంబాయి గొప్పలు పోయింది.

"నీ పిర్రకు సిగ్గు లేదు, అందుకే," అంది కోర్పా.

వానలు పోయి మళ్ళీ వానలు వచ్చేసరికి కోర్పా మెడ సన్నబడింది. పూసల దండ కుదురుగా నిలబడింది. "నీ కాయ పందికి వేశావా అక్కా, ఏదీ?" అని ఆంబాయి నవ్వింది. ఆంబాయి కాయ ఎక్కడిదక్కడే ఉంది. కొందరికి ఆలస్యంగా పనిచేస్తుందేమో అనుకున్నారు. అప్పటికి ఇద్దరూ కడుపుతో ఉన్నారు.

కోర్పాకు కొడుకు పుట్టాడు. వానే అని పేరు పెట్టారు. చీకటి గుడిసెలో వాడి ఏడుపు ఏటి అవతలకు వినబడేది. కొద్ది వారాలకు ఆంబాయికి కూతురు పుట్టింది. ఇది బతికింది. పాలు తాగింది. ఆంబాయి దానికి నిమిల్ అని పేరు పెట్టి, వల సంచిలో మెత్తటి ఆకులు పరిచి పడుకోబెట్టి, తల మీంచి వేలాడేసుకుని తోటకు పోయేది. మెడ మీద బరువు తెలిసేది కాదు.

"ఎంత బుద్ధిమంతురాలే ఇది," అనేది కోర్పా. "మావాడు నిద్ర పోడు, పోనివ్వడు. ఇది చూడు, ఉలకదు పలకదు."

ఆ మాట మొదట్లో ఆంబాయికి తియ్యగా ఉండేది.

వానే బోర్లాపడ్డాడు, పాకాడు, పొయ్యి దగ్గరికి పోయి చెయ్యి కాల్చుకున్నాడు. నిమిల్ వేసిన చోటే ఉండేది. మెడ నిలబెట్టడానికే ఎంతో కాలం పట్టింది. ఒకరోజు పెరట్లో మగవాళ్ళు పందిని కొడుతున్నారు. అది అరిచిన అరుపుకు వానే గుక్కపట్టి ఏడిచాడు. పక్కనే ఉన్న నిమిల్ తన చేతి వేళ్ళు చూసుకుంటూ ఉంది. ఆంబాయి లోపలికి పోయి వెదురు గొట్టం తెచ్చి పిల్ల వెనక నేల మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పిల్ల తిరగలేదు. వెదురు చీలిపోయింది. కోర్పా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దులే," అంది.

ఆ తర్వాత కోర్పా చాలా మంచిగా ఉంది. నిమిల్‌ను ఎత్తుకునేది, దుంప నమిలి తన నోటితో దాని నోట్లో పెట్టేది. నిమిల్ కళ్ళు రెండూ ముక్కు వైపు తిరిగేసరికి, "మా వానేను చూడలేక అలా అయిందే దానికి, వాడి అల్లరి అలాంటిది," అని నవ్వించబోయేది. ఆంబాయి నవ్వేది. ఎవరూ లేనప్పుడు తోటలో తవ్వుకోల పక్కన పడేసి, మట్టిలో ముఖం పెట్టేది.

*

ఆ ఏడాది లోయలో మరికొన్ని ఇళ్ళలో ఇలాంటి పిల్లలే పుట్టారు. పల్లె మగవాళ్ళంతా చేరే మగవాళ్ళ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఒకరోజు పాయింగ్ అందరి ముందు తమ్ముణ్ణి నిలదీశాడు. ఆడవాళ్ళు కంచె అవతల కూర్చుని వింటున్నారు.

"సూది అందరికీ పొడిచారు. ఒకే దొర, ఒకే రోజు, ఒకే గుడారం. అవునా?"

"అవునన్నా," అన్నాడు కైపెల్.

"నా పెళ్ళాం మెడ తగ్గింది. నీ పెళ్ళాం మెడ తగ్గలేదు. నా కొడుకు మాట్లాడుతున్నాడు. నీ కూతురు మూగది. దొర మందు నా ఇంట్లో పనిచేసి, నీ ఇంట్లో ఎందుకు పనిచేయలేదు? దొర మందుని కూడా గెలిచే మందు ఎవరి చేతిలో ఉంది?"

జవాబు కూడా పాయింగే చెప్పాడు. "ఉప్పు కొనడం మానేశారని ఆ ముసలిది ఏమందో మీరంతా విన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. మీ కడుపున పుట్టినవాళ్ళు ఏమంటారో చూస్తానంది. చూస్తోంది ఇప్పుడు. వాళ్ళు ఏమీ అనడం లేదు."

ఒక్కొక్కరే తలలాడించారు. మాట రాని పిల్లలు పుట్టిన ప్రతి ఇంటివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వాంపేతో తగాదా పడ్డవాళ్ళే. వాంపేతో తగాదా పడనివాళ్ళు లోయలోనే లేరు. అది ఎవరూ ఆలోచించలేదు.

ఆంబాయి కంచె అవతలి నుంచి అంతా వింది. ముందు ఒళ్ళు మండింది. మా అమ్మ అలాంటిది కాదు అని లేచి అరవాలనుకుంది. తర్వాత ఒడిలో పిల్లను చూసింది. తన కళ్ళతో తను చూసిందే పాయింగ్ చెబుతున్నాడు. కోర్పా, తను ఒకే వరసలో నిలబడ్డారు. ఒకే సూది తిన్నారు. మరి తేడా ఎక్కడుంది? కాన్పుకు ముందు వాంపే ఆకుకూర వండి పెట్టింది, పొట్ట నిమిరింది. రాత్రంతా ఆంబాయి ఆ చెయ్యినే తలుచుకుంది.

రెండు రోజుల తర్వాత వాంపే వచ్చింది. మాటలు ఆమె చెవిన పడ్డాయో లేదో, ఎప్పటిలాగే సంచి నిండా కూరాకు మోసుకుని కంచె దగ్గర ఆగి, కాలెత్తి దాటబోయింది.

"దాటకమ్మా," అంది ఆంబాయి.

"ఏమే? పిల్లను ఇలా ఇవ్వు. ఎన్నాళ్ళైంది చూసి."

"ముట్టుకోకు దాన్ని."

వాంపే కాలు వెనక్కి తీసుకుంది. "వాడు కూసిన కూతలు నువ్వు కూడా విన్నావన్నమాట. ఆ పాయింగ్‌గాడికి చిన్నప్పుడు ముక్కు తుడిచింది నేను. వాడికి నా తిట్లంటే భయం. నీకేమైందే?"

"అమ్మా, నువ్వు ఏమైనా చేశావా?"

"ఏం చేశాను?"

"ఉప్పు మానేశారని..."

వాంపే నవ్వబోయి కూతురి ముఖం చూసింది. "నువ్వు కూడానా?" అంది మెల్లగా. ఆమె నోటి నుంచి అంత మెల్లటి మాట ఆంబాయి ఎన్నడూ వినలేదు.

"నాకేం తెలుసమ్మా. నాకేమీ తెలియదు. నువ్వు వెళ్ళు. ఇక్కడికి రాకు."

వాంపే సంచిలోంచి కూరాకు తీసి కంచె మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆంబాయి దాన్ని పొయ్యి మీదికి ఎక్కించలేదు. పందులకు వేసింది.

కొద్దిరోజులకు మగవాళ్ళు పోయి ఉప్పు గుడిసె తగలబెట్టారు, గుంటలు పూడ్చారు. దొర మనుషులకు తెలిస్తే జైలని ఆమెను చంపలేదు. కనబడకుండా పొమ్మన్నారు. వాంపే తన పుట్టింటివాళ్ళు ఉండే ఎత్తు కొండకు పోయింది. అక్కడ చలి ఎక్కువ. అన్నదమ్ములు పోయారు, వాళ్ళ కొడుకులు ఆమెను ఎరగరు, ఆమె మీద పడ్డ పేరు మాత్రం ఎరుగుదురు. పందుల గుడిసెలో ఒక మూల చోటిచ్చారు. వానల్లో ఛాతీ పట్టేసి పోయింది.

ఆ కబురు కొండ మీద నుంచి కొండ మీదికి కేకలతో వచ్చింది. ఆంబాయి తోటలో కలుపు తీస్తోంది. కేక విని ఆగింది. చివరి వరకు విని, మళ్ళీ వంగింది. సాయంత్రం కైపెల్ వచ్చి అడిగాడు.

"వెళ్తావా?"

"వెళ్తే మీ అన్న ఊరుకుంటాడా? పిల్లకు ఇంకేమన్నా అయితే?"

కైపెల్ పట్టుబట్టలేదు. ఆంబాయి ఒంటికి మట్టి పూసుకోలేదు, ఏడుపు పాట ఎత్తలేదు. ఆ రాత్రి దుంపలు కాల్చి అందరికీ పెట్టింది, తను కూడా తిన్నది.

*

ఆలస్యంగానైనా నిమిల్ గోడ పట్టుకుని నిలబడే నాటికి డాక్టర్లు మళ్ళీ వచ్చారు. ఈసారి పిల్లలందరినీ తెమ్మన్నారు. వెనక నుంచి గంట కొట్టారు, చెక్కలో గుంటలకు మేకులు గుచ్చమన్నారు, నడవమన్నారు. వానే మేకులన్నీ గుచ్చి, ఇంకా లేవా అని అడిగాడు. అందరూ మెచ్చుకున్నారు. నిమిల్ మేకును నోట్లో పెట్టుకుంది. వచ్చిన చిన్న డాక్టరు దాన్ని మెల్లగా తీసి, ఏదో రాసుకున్నాడు. గతంలో వచ్చిన డాక్టరు కాదు, కొత్తవాడు. ముఖం ఎండకు ఎర్రబడి ఉంది.

మర్నాడు కొన్ని కుటుంబాలను మాత్రం మళ్ళీ పిలిచారు. అందులో కైపెల్ కుటుంబం ఉంది. కోర్పా వాళ్ళది లేదు.

"ఎలియాబ్, మాకు ఒకసారి వేశారుగా," అంది ఆంబాయి.

ఎలియాబ్ సూది ఉడకబెడుతున్నాడు. "అది వేరు, ఇది వేరు. కూర్చో."

"వేరంటే?"

"అప్పుడు వేసింది మందు కాదు."

"మరేమిటి?"

ఎలియాబ్ చుట్టూ చూశాడు. దాచాలనుకున్నట్టు లేదు, ఎలా చెప్పాలో తెలియనట్టుంది. "సగం ఇళ్ళవాళ్ళకు నూనె మందు. ఒక ఇల్లు వదిలి ఒక ఇల్లు. తక్కిన సగం మందికి ఉప్పునీళ్ళు. మందు తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలట. ఏ సీసాలో ఏముందో అప్పుడు మాక్కూడా చెప్పలేదు ఆంబాయీ. ఒకటి చిక్కగా ఉండేది, ఎక్కించడానికి చెయ్యి నొప్పి పుట్టేది. నాకు తెలిసింది అంతే."

కోర్పా కుంటుకుంటూ నడిచిన దారి ఆంబాయికి కళ్ళముందు కనబడింది. తను గొప్పలు పోవడం కూడా. కింద కూర్చుండిపోయింది. ఎలియాబ్ సూది పట్టుకుని నిలబడ్డాడు. "వేయించుకో. ఇది నిజమైన మందు. మళ్ళీ పుట్టేవాళ్ళకైనా..."

"నాకు మళ్ళీ పుట్టరు," అంది ఆంబాయి. నిమిల్ తర్వాత ఆమెకు నెల తప్పలేదు. "ఆ డాక్టరును పిలు."

డాక్టరు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎలియాబ్ మధ్యలో ఉండి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చెప్పాడు. డాక్టరు దాచలేదు. వానలు ఈ కొండల మట్టిలోంచి అయోడిన్ అనేదాన్ని కడిగేశాయని, అది తల్లికి చాలకపోతే కడుపులో బిడ్డకు చెవులూ మెదడూ సరిగ్గా ఎదగవని చెప్పాడు. ఊటనీళ్ళను పరీక్షకు పంపించామని, మీ పాత ఉప్పులో అది ఉండేదని, దుకాణం ఉప్పులో లేదని కూడా చెప్పాడు.

"మా ఉప్పులో ఉండేదా?"

"ఉండేది."

"ఈ సంగతి ముందే తెలియదా మీకు?"

"మెడ వాపు తగ్గుతుందని తెలుసు. బిడ్డ సంగతి గట్టిగా తెలియదు. ఇక్కడే తెలిసింది. మీ వల్లే తెలిసింది. ఇకమీదట ఎక్కడెక్కడి పిల్లలో..."

"మా వల్ల అనకు," అంది ఆంబాయి. "మేమేమన్నా తెలిసి ఇచ్చామా? అడిగితే కదా ఇవ్వడం. ఇది ఇలా చెప్పెయ్ ఎలియాబ్, మెత్తగా మార్చకు."

ఎలియాబ్ చెప్పాడు. డాక్టరు ముఖం ఇంకా ఎర్రబడింది. తను అప్పుడు లేనని అనబోయి, మానుకున్నట్టున్నాడు. నేనేం చెయ్యగలను అని అడిగాడు.

"మగవాళ్ళ ఇంటి ముందుకు వచ్చి, నాకు పొడిచింది నీళ్ళని చెప్పు. మా అమ్మ ఉప్పులో ఉన్నదేమిటో అది చెప్పు. అందరూ వినేలా చెప్పు."

వచ్చాడు. ఆ మాటకు మెచ్చుకోవాలి. సాయంత్రం పెరట్లో అందరూ చేరారు. డాక్టరు నిలబడి అంతా చెప్పాడు. నీళ్ళు పడిన ఇళ్ళు ఏవేవో కూడా చెప్పాడు. ఆ ఇళ్ళవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక ముసలాయన లేచి, నూనె మందు ఇంకా ఉందా, మా కోడలికి వేస్తారా అని అడిగాడు. ఇంకొకతను ఈ మైదానానికి రోడ్డు ఎప్పుడు వేస్తారని అడిగాడు.

ఆంబాయి పాయింగ్ వైపే చూస్తోంది. అతను చాలాసేపు కింద చూస్తూ పుల్ల విరిచాడు.

"సరే. నీళ్ళన్నావు, నీళ్ళే అనుకుందాం," అన్నాడు చివరికి. "కానీ ముసలిది ఆ మాట అన్నది నిజం. నేను విన్నాను. అంతమందీ విన్నారు. అనకుండా ఉండాల్సింది."

"నిజమే, అనకుండా ఉండాల్సింది," అన్నాడొకడు. కైపెల్ పెళ్ళాం వైపు చూడకుండా తల ఊపాడు.

గుడిసె తగలబెట్టినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరూ లేవలేదు. మందు తెచ్చిన డాక్టరు కదా, తినకుండా పంపకూడదని పందిని కోశారు. గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, ఆకులు పరిచి ఉడకబెట్టారు. ఆంబాయి వంతు మాంసం కైపెల్ ఇంటికి తెచ్చి పెట్టాడు. ఆమె ముట్టలేదు.

కోర్పా మర్నాడు తోటకు వచ్చింది. గట్టు మీద నిలబడింది గానీ తన వరసలోకి దిగలేదు.

"నాకు పొడిచింది నూనెని నాకు మాత్రం ఏం తెలుసే? నువ్వు ముందు వెళ్ళనంటే గదా నేను వెళ్ళింది."

"పిలిచింది నీ మొగుడి పేరు. నీ తప్పని ఎవరన్నారు?"

"అనడం లేదు. చూస్తున్నావు."

ఆంబాయి తవ్వుకోల నేలలో గుచ్చి వీపు తిప్పుకుంది. కోర్పా చేసిన తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినా, వానే అరుపు ఏటి అవతల వినబడినప్పుడల్లా ఆంబాయి నిమిల్ వైపు చూసేది. మర్నాటి నుంచి ఇద్దరూ వేరువేరు వేళల్లో తోటకు వచ్చారు. కొన్నాళ్ళకు వాగులో కాళ్ళు కడుక్కునే రాయి కూడా వేరైంది.

వానలు తగ్గాక ఆంబాయి నిమిల్‌ను వీపున కట్టుకుని ఎత్తు కొండకు పోయింది. ఎవరినీ అడగలేదు. పైన మేనమామ కొడుకు యూకిల్ ఎదురొచ్చి, ఎవరో తెలిశాక లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడొచ్చావేం?"

"అమ్మను ఎక్కడ పెట్టారో చూద్దామని."

"అప్పుడు కేక వేశాం. నీకు వినబడిందని కూడా తెలుసు." అతను గడ్డం గోక్కున్నాడు. "మాకు భయమేసింది. దారికి దగ్గర్లో పెట్టలేదు. ఆ వాలులో ఎక్కడో. అక్కడ తోట వెయ్యకముందు గుర్తుండేది."

వాలు మొత్తం చిలగడదుంప తోట వేశారు. యూకిల్ పెళ్ళాం అక్కడ దుంపలు తవ్వుతోంది. ఇటుగా ఉండాలంది, ఆలోచించి, కాదు అటుగా అంది. ఆంబాయి రెండు చోట్లా కూర్చుంది. మట్టి తీసి ముఖానికీ చేతులకూ పూసుకుంది. ఏడుపు పాట ఎత్తి, మొదటి మాట దగ్గరే ఆపేసింది. నిమిల్ అది చూసి తను కూడా మట్టి తీసి బుగ్గలకు రుద్దుకుంది, బాగుందనుకుని నవ్వింది. పోయేటప్పుడు యూకిల్ పెళ్ళాం నాలుగు దుంపలు చేతిలో పెట్టింది. ఆ తోటలో తవ్వినవే. ఆంబాయి దారిలో ఏటి దగ్గర వాటిని దించి, చాలాసేపు చూసి, పిల్లకు ఆకలేస్తుంటే కాల్చి పెట్టింది.

*

ఆ తర్వాత అయోడిన్ లేని ఉప్పును దేశంలోకి రానివ్వకూడదని చట్టం వచ్చింది. దుకాణంలో ఉప్పు పొట్లాల మీద బొమ్మ మారింది. లోయలో పుట్టినవాళ్ళంతా ఏడ్చారు, అరిచారు, అబద్ధాలాడారు, బడికి పోయారు. మెడకాయ ఉన్న ఆడవాళ్ళు ముసలివాళ్ళై పోయారు. మంచికాలం వచ్చిందని అందరూ అన్నారు. ఆంబాయి కూడా కాదనలేదు.

నిమిల్‌కు మాత్రం ఆ మంచికాలం కలిసిరాలేదు. చిన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో తనలాంటి పిల్లలు ఉండేవాళ్ళు. సంత రోజున కలిసి ఒక మూల చేరి, చేతులతో ఏవేవో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ చేతుల భాష పెద్దవాళ్ళకు సగమే తెలిసేది. వాళ్ళు ఎక్కువకాలం బతకలేదు. ఒకడు ఏట్లో పడ్డాడు, పక్కవాళ్ళ కేక వినబడక. ఒకామె జ్వరంతో పోయింది. చివరికి ఆ చేతులకు జవాబు చెప్పేవాళ్ళు లేకుండా నిమిల్ ఒక్కతే మిగిలింది. కొత్త పిల్లలకు ఇలాంటి మనిషిని చూసి అలవాటు లేదు. వెనకనుంచి వచ్చి చిన్న రాళ్ళు వేసి, తిరుగుతుందో లేదో చూసేవాళ్ళు.

ఒకసారి ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన నర్సు, చదువుకున్న పిల్ల, మంచి పిల్ల, ఇంటికి వచ్చి అడిగింది. "పెద్దమ్మా, బడిలో పిల్లలకు ఉప్పు గురించి చెప్పాలి. నీ కూతుర్ని ఒక్క గంట పంపుతావా? కళ్ళారా చూస్తే వాళ్ళకు బాగా గుర్తుంటుంది."

"ఏం చూపిస్తావు?"

"అయోడిన్ లేకపోతే ఏమవుతుందో."

ఆంబాయికి అప్పటికి పళ్ళు ఊడిపోయాయి, మెడకాయ వేలాడుతోంది. గుమ్మంలో కూర్చుని వల సంచి అల్లుతోంది. నిమిల్ పొయ్యి దగ్గర దుంపల తొక్క తీస్తోంది. మెల్లగా తీస్తుంది, కానీ కండ పోనివ్వదు. ఇంట్లో నీళ్ళు, కట్టెలు, పందుల మేత అన్నీ ఆమె చేతి మీదే జరుగుతున్నాయి.

"దాన్ని ఒకసారి చూశారమ్మా," అంది ఆంబాయి. "గంట కొట్టి చూశారు, మేకులిచ్చి చూశారు. చూసి రాసుకుని పోయారు. ఇంక చాలు."

నర్సు నొచ్చుకుంది. తప్పుగా అనుకోవద్దని, పిల్లల మంచికేనని అంది.

"నీ మంచి నాకు తెలుసు. ఆ రోజు వచ్చినవాళ్ళు కూడా మంచివాళ్ళే. పోయిరా, చీకటి పడుతుంది."

నర్సు పోయాక ఆంబాయి చేతిలో అల్లిక పక్కన పెట్టింది. తను పోయాక నిమిల్‌ను ఎవరు చూస్తారన్నది ఈమధ్య ఆమెను నిద్రపోనివ్వడం లేదు. కైపెల్ పోయాడు. పాయింగ్ ఉన్నాడు గానీ కళ్ళు కనబడవు, పట్నంలో కొడుకు దగ్గర పడుంటాడు. వానే అక్కడ లారీ నడుపుతూ నెలకోసారి వచ్చి, పిన్నీ బాగున్నావా అని పలకరించి, నిమిల్ చేతిలో బిస్కెట్లు పెట్టి పోతాడు. కోర్పా గోడ పట్టుకుని నడుస్తోంది. నేను ముందు పోతే నువ్వు చూస్తావా, నువ్వు ముందు పోతే నేను చూస్తాను అని ఒకరికొకరు చెప్పుకోవలసిన వయసులో ఇద్దరూ పక్కపక్క ఇళ్ళలో మాట లేకుండా ఉన్నారు.

నిమిల్ దుంపల గిన్నె పొయ్యి మీద పెట్టి, తల్లి వైపు తిరిగి, నోటి దగ్గర వేళ్ళు చేర్చి అడిగింది. తింటావా అని. ఆంబాయి తల ఊపింది. గిన్నెలో దుంపలు ముగ్గురికి సరిపోయేలా ఉన్నాయి. నిమిల్ ఆ మూడో వంతు ఆకులో చుట్టి, ఎప్పటిలాగే కంచె దాటి కోర్పా ఇంటికి పట్టుకుపోయింది. ఎవరు నేర్పారో ఆంబాయికి తెలియదు. వద్దని తను ఎన్నడూ చెయ్యి ఊపలేదు, వెళ్ళమనీ ఊపలేదు.